పన్నెండో పాఠంలో పడని వాన

ఓబిలేష్ చేసిన గేమ్‌లో వాన పడటం లేదన్న సంగతి బయటపడటానికి నలభై ఒక్క రోజులు పట్టింది. బయటపెట్టిన మనిషిది కంబదూరు కాదు. అసలు అనంతపురం జిల్లాయే కాదు.

ఓబిలేష్‌కు ఇరవై తొమ్మిదేళ్లు. బెంగళూరులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో మూడేళ్లు టెస్టర్‌గా పనిచేశాడు. టెస్టర్ అంటే ఇంకొకరు చేసిన తప్పులు పట్టుకుని జీతం తీసుకునేవాడు. ఆ ఉద్యోగం వదిలేసి సొంతూరు కంబదూరుకు వచ్చి, గేమ్ ఇంజన్ మీద తెలుగులో వీడియో పాఠాలు చెప్పడం మొదలుపెట్టి పద్నాలుగు నెలలైంది. గేమ్ ఇంజన్ అంటే కంప్యూటర్లో ఉండే పెద్ద పనిముట్ల పెట్టె. బొమ్మలు, చప్పుళ్లు, ఆట నియమాలు అన్నీ అందులో వేసి గేమ్ కడతారు. తండ్రి అంజినప్పకు ఈ సంగతి నాలుగుసార్లు విడమరిచి చెప్పాడు. అంజినప్ప శ్రద్ధగా విని, టీ అంగడి దగ్గర అడిగినవాళ్లతో "మావాడు ఇంజన్ పని నేర్పిస్తాడు" అన్నాడు. మరునాడు పొద్దున్నే ఇద్దరు రైతులు పాత డీజిల్ ఇంజన్ ఒకటి మోసుకొచ్చి గుమ్మం ముందు దించారు.

మేడ మీది రేకుల గదే స్టూడియో. గొంతు ప్రతిధ్వనించకుండా గోడలకు ఖాళీ గోతాలు వేలాడదీశాడు. చప్పుడు రికార్డవుతుందని ఫ్యాన్ ఆపేస్తాడు. రేకుల కింద, గోతాల మధ్య, ఫ్యాన్ లేకుండా కూర్చుని "హాయ్ ఫ్రెండ్స్" అని నవ్వగలిగిన వాడికి ఏ కంపెనీ అయినా పిలిచి ఉద్యోగం ఇవ్వాలి.

ఆ కంపెనీ రానే వచ్చింది. ఇంజన్ తయారుచేసినవాళ్లే ఒక్కో భాషకూ ఒక్కో అధికారిక గురువును ఉద్యోగంలోకి తీసుకుంటామన్నారు. తెలుగుకు చివరికి ఇద్దరు మిగిలారు. ఒకడు హైదరాబాదువాడు, రెండోవాడు ఓబిలేష్. శుక్రవారం పదకొండు గంటలకు ఓబిలేష్ లైవ్‌లో పాఠం చెప్పాలి. కంపెనీ మనిషి చూసి తేలుస్తాడు.

అంజినప్ప కూడా తన వంతు తేల్చేశాడు. "శుక్రవారం అయిందా, సరి. కాలేదా, శనివారం బెంగుళూరు బస్సెక్కు. పద్నాలుగు నెలలు చూసినా. ఇంగ నా చేత కాదప్పా."

ఓబిలేష్ పాఠాల్లో కట్టే గేమ్ పేరు 'మెట్ట సేద్యం'. ఆటగాడికి ఐదెకరాల ఎర్రనేల ఇస్తారు. వేరుశనగ విత్తాలి, వానకు ఎదురు చూడాలి, పంట తీయాలి. వాన సంగతి పన్నెండో పాఠంలో వస్తుంది. మేఘంలో తేమ అని ఒక అంకె ఉంటుంది. అది రోజూ కొంత పెరగాలి. వంద దాటితే వాన. చాలా చక్కగా, బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పాడు. చెప్పి, ఆ లెక్కను ప్రోగ్రాంలో ఒక వరుసగా రాసేటప్పుడు ప్లస్ పెట్టాల్సిన చోట మైనస్ పెట్టాడు. దాంతో మేఘం రోజురోజుకూ ఇంకా ఎండిపోతుంది. వీడియోలో మాత్రం ఒక మీట నొక్కి చినుకులు రాల్చి చూపించాడు. "వాన ఇట్లుంటుంది ఫ్రెండ్స్. ఆటలో దానంతటదే పడుతుంది" అని ముగించాడు.

ఆ పాఠాన్ని నాలుగు వేల మంది చూశారు. ఎక్కువ మంది ఉరవకొండ, శింగనమల, కళ్యాణదుర్గం చుట్టుపక్కల కాలేజీల వాళ్లు. అతడు రాసింది రాసినట్టే రాశారు. విత్తారు. వాన రాలేదు. విత్తనం ఎండింది. ఎందుకు రాలేదని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. మళ్లీ విత్తారు.

"సూపర్ అన్నా, అచ్చం మా చేను మాదిరే ఉండాది" అని ఒకరు రాశారు. "మూడు తూర్లు విత్తినా అన్నా, ఇంగో తూరి చూస్తా" అని ఇంకొకరు. మూడేళ్లు తప్పులు పట్టుకుని బతికిన టెస్టర్ వీటన్నిటికీ హృదయం గుర్తులు పెట్టుకుంటూ పోయాడు. పదమూడో పాఠంలో బోరు వేయడం నేర్పించాడు. పద్నాలుగో పాఠంలో బోరులో నీళ్లు పడకపోవడం నేర్పించాడు. మొత్తం పాఠాల్లో ఎక్కువ లైకులు దానికే వచ్చాయి.

శుక్రవారం పొద్దున పదిన్నరకు చెల్లెలు సునంద ఫోన్ పట్టుకుని పైకొచ్చింది. లైవ్‌లో వచ్చే ప్రశ్నలు చదివి వినిపించే పని ఆమెది.

"అన్నా, అమలాపురం నుంచి ఎవరో పద్మప్రియంట. ఇంజనీరింగ్ చదువుతాందంట. వాన పడలేదు, ప్రోగ్రాంలో తప్పుందేమో, బగ్గేమో చూడండి అని పన్నెండో పాఠం కింద రాసింది."

"మనోళ్లేమన్నారు?"

సునంద నవ్వాపుకుంటూ చదివింది. "'ఏ ఊరు తల్లీ నీది' అన్నాడొకడు. 'వాన పడకుంటే బగ్గంటే మా మండలమంతా బగ్గే' అన్నాడు ఇంగొకడు. 'ఓపిక పట్టల్ల పాపా, ఇంగా రెండు కార్తెలుండాయి' అంట. ముప్పై ఆరు మంది తగులుకున్యారు ఆ పిల్లని."

"కాలువ నీళ్ల మనుషులు. వాళ్లకు ఓపికుండదు. పడుతుందిలే."

"ఎప్పుడు?"

"దానిష్టం."

"దానిష్టమేందన్నా? రాసింది నువ్వు గదా!"

మైకు సర్దుతున్న ఓబిలేష్ చెయ్యి ఆగిపోయింది. మాట నిజమే. ఇరవై తొమ్మిదేళ్లుగా ఆకాశం వైపు చూసి అలవాటైన మనిషికి, ఈ ఆకాశం తాను రాసిందే అన్న సంగతి మొదటిసారి తట్టింది. ఒకసారి ఆ వరుస చూద్దామని ఫైలు తెరవబోయాడు. ఈలోగా కంప్యూటర్ టింగుమంది. కంపెనీ మనిషి అరగంట ముందే వచ్చేశాడు.

పేరు చంద్రమోహన్. బెంగళూరు ఆఫీసులో పాఠాల విభాగానికి పెద్ద. ఏసీ గది, వెనక అద్దాల గోడ, ఖాదీ చొక్కా. "బిగిన్ చేద్దామా ఓబిలేష్ గారూ? నేను అసలు లేననుకోండి" అన్నాడు. ఆ తర్వాత ఒక్క నిమిషం కూడా లేనట్టు ఉండలేదు.

ఓబిలేష్ పాఠం మొదలుపెట్టాడు. ఐదెకరాలు దున్నాడు, విత్తాడు, రోజులు వేగంగా తిప్పాడు. పదో రోజు, ఇరవయ్యో రోజు, ముప్పయ్యో రోజు. మొలకలు వాడిపోయాయి. అలవాటు కొద్దీ మళ్లీ విత్తాడు. అవీ వాడిపోయాయి. మూడోసారి విత్తడానికి చెయ్యి దానంతటదే పోతుంటే చంద్రమోహన్ గొంతు సవరించుకున్నాడు.

"ఓబిలేష్ గారూ, ఒక్క డౌట్. వాన ఎప్పుడు పడుతుంది?"

ఓబిలేష్ పక్క తెర మీద ఆ వరుస తెరిచాడు. అడ్డంగా పడుకున్న చిన్న గీత. మైనస్. 

"వాన... సార్..."

"పడదు! కదూ?" చంద్రమోహన్ కుర్చీలోంచి సగం లేచాడు. "అసలు పడదు! ఆటగాడు విత్తుతాడు, చూస్తాడు, మళ్లీ విత్తుతాడు. గెలుపన్నదే లేదు. మై గాడ్! ఇది ట్యుటోరియల్ కాదండీ, స్టేట్‌మెంట్! హైదరాబాద్ ఆయన జాంబీలు పెట్టాడు. జాంబీలు ఎవరైనా పెడతారు. మీరు కరువు పెట్టారు!"

కరువును చూసి ఇంత సంతోషించిన మనిషిని ఓబిలేష్ ఇదే చూడటం.

"ఇంకెవరినీ చూడక్కర్లేదు. మధ్యాహ్నం మేనేజ్‌మెంట్‌కు పంపిస్తా. సోమవారం ఆఫర్ లెటర్."

సునంద రెండు పిడికిళ్లూ బిగించి గాల్లోకి ఎగిరింది. అంజినప్ప అప్పటికే మెట్లెక్కి వచ్చి గడప దగ్గర నిలబడి ఉన్నాడు. అతడికి అర్థమైన మాట 'సోమవారం' ఒక్కటే. అదే చాలనిపించింది కాబోలు, కండువాతో మొహం తుడుచుకున్నాడు.

ఇక ఓబిలేష్ చేయాల్సింది నోరు మూసుకుని ఉండటమే. దేశంలో ఇంతకంటే సులువైన ఇంటర్వ్యూ ఎవడికీ తగిలి ఉండదు.

"అన్నా, ఆ పిల్ల మళ్లీ అడుగుతాంది" అంది సునంద. లైవ్ కనుక చదవక తప్పలేదు. "'సర్, అయితే వాన రాకపోవడం మీరు కావాలనే పెట్టారాండీ? నేనే ఎక్కడో తప్పు రాశాననుకుని రెండు రోజుల నుంచి వెతుకుతున్నానండీ.'"

ఓబిలేష్‌కు ఆ రెండు రోజులు ఎలా ఉంటాయో తెలుసు. ఎవడో చేసిన తప్పును తన టెస్టింగ్‌లో వెతుక్కోవడం బెంగళూరులో అతడి నిత్యకృత్యం. కావాలనే పెట్టానంటే ఆ పిల్ల మైనస్సే సరి అనుకుంటుంది. ఆమెతో పాటు నాలుగు వేల మంది.

"లేదమ్మా, నీ తప్పేం లేదు. తప్పు నాది. సార్, మీరూ వినండి. అది స్టేట్‌మెంట్ కాదు సార్. ప్లస్ పెట్టాల్సిన చోట మైనస్ పెట్టినా."

చంద్రమోహన్ నవ్వాడు. "హ్యూమర్ కూడా ఉందే!"

"లేదు సార్. నిజంగానే."

"అన్నా, నోరు మూస్కో" అని సునంద పళ్ల సందులోంచి అన్న మాట మైకులో శుభ్రంగా పడింది.

ఓబిలేష్ గీతను తీసి ప్లస్ పెట్టాడు. ఎందుకు పెట్టాలో మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. ఆట నడిపాడు. పంతొమ్మిదో రోజు మేఘం నల్లబడింది. వాన మొదలైంది. "అన్నా, వాన!" అని చాట్ నిండిపోయింది. మొక్కలు పచ్చగా లేచాయి. ఇరవయ్యో రోజూ వానే. ఇరవై ఐదో రోజూ వానే. ముప్పయ్యో రోజుకు చేను చెరువైంది. మొక్కలు కనిపించడం మానేశాయి.

"పద్మప్రియ అడుగుతాంది" అంది సునంద నీరసంగా. "'సర్, కురిశాక తేమను మళ్లీ సున్నా చెయ్యాలి కదండీ. వాన ఆపడం రాయలేదాండీ?'"

రాయలేదు. తట్టనే లేదు. కంబదూరులో వానను ఒకరు ఆపాల్సిన పని ఎన్నడూ పడలేదు. దానంతటదే ఆగుతుంది, చాలాసార్లు మొదలు కాకముందే.

చంద్రమోహన్ మొహం వాడిన మొలకలా ఉంది. "ఓబిలేష్ గారూ, పాత వెర్షన్ ఉంది కదా మీ దగ్గర?"

"ఉండాది సార్."

"అదే ఉంచేద్దాం. ఈ వాన ఏదో మామూలుగా ఉంది. వానలు అందరి గేముల్లోనూ పడతాయి. పన్నెండో పాఠం ముట్టుకోకండి. ఈ లైవ్ తీసేయండి. సోమవారం లెటర్ అలాగే వస్తుంది."

"నాలుగు వేల మంది తప్పు నేర్చుకుంటారు సార్."

"వాళ్లలో ఒక్కరైనా కంప్లైంట్ చేశారా, ఆ అమ్మాయి తప్ప?"

"లేదు సార్. వాళ్లకు అలవాటు."

అంజినప్ప ఇంక ఆగలేకపోయాడు. కెమెరా ముందుకు వచ్చి వంగి తెరలోకి చూశాడు. "ఏమప్పా, వాన పడకుంటే ఉద్యోగమిస్తారా మీరు? అట్లయితే మా ఊర్లో అందరికీ ఇయ్యల్ల గదా. మావానికి ఒక్కనికే యాంటికి?"

"మీ నాన్నగారా?" చంద్రమోహన్ కళ్లు మళ్లీ వెలిగాయి. "ఎంత ఆథెంటిక్‌గా ఉన్నారండీ!"

"సార్, పన్నెండో పాఠం మళ్లీ తీస్తా" అన్నాడు ఓబిలేష్. "పాతది తీసేస్తా."

చంద్రమోహన్ నిట్టూర్చి చెయ్యి ఊపి తెర మీంచి మాయమయ్యాడు. సాయంత్రం మెయిల్ వచ్చింది. ఓబిలేష్ నిజాయితీని ఎంతో గౌరవిస్తున్నామని, తెలుగు గురువుగా హైదరాబాదు ఆయనను ఎంచుకున్నామని. జాంబీలకు కనీసం ఎప్పుడు ఆగాలో తెలుసు.

శనివారం పొద్దున ఓబిలేష్ బ్యాగు సర్ది తలుపు దగ్గర పెట్టాడు. బస్సుకు ఇంకా టైముంది. పన్నెండో పాఠం కొత్తగా రికార్డు చేశాడు. తన తప్పు చెప్పాడు, వాన ఆపే వరుస పద్మప్రియ చెప్పిందని పేరు పెట్టి చెప్పాడు. అప్‌లోడ్ అవుతుండగా అంజినప్ప వచ్చి పక్కన కుర్చీ లాక్కున్నాడు.

"దీంట్లో ఎట్ల విత్తేది రా?"

ఓబిలేష్ మౌస్ చేతికిచ్చి చూపించాడు. అంజినప్ప నాగలి పట్టినట్టే గట్టిగా పట్టుకుని ఐదెకరాలూ విత్తాడు. వాన పడింది. ఆగింది. మళ్లీ పడింది. పంట చేతికొచ్చింది. తెర మీద బస్తాలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోయాయి. అంజినప్ప వాటిని చాలాసేపు చూశాడు. అతడి మొహంలో సంతోషం లేదు. ఓబిలేష్ బెంగళూరులో మూడేళ్లు అద్దంలో చూసుకున్న మొహమే అది. తప్పు పట్టుకోబోతున్న మొహం.

"ఎకరాకు ఇన్ని బస్తాలు ఎవడికొస్తాయి రా? సగం చెయ్."

"చేస్తా నాయనా."

"చీడ ల్యా. కలుపు ల్యా. సుమ్మనే పండిపోతాంది. అడివి పందులు యాడ?"

"పందులు పెట్టలేదు నాయనా."

"పందులు ల్యాకుండా శెనిక్కాయ సేద్యమేంది? రాత్రంతా కాపలా ఎవురు కాస్తారు మళ్ల? ఇది చూసి ఆ నాలుగు వేల మంది సేద్యం సులువనుకోరా?" అంజినప్ప తెర నుంచి కళ్లు తిప్పలేదు. "పందులు పెట్టేదానికి ఎన్ని దినాలు పడుతుంది?"

ఓబిలేష్ తలుపు దగ్గరి బ్యాగు వైపు ఒకసారి చూశాడు.

"పది దినాలు. ఎలుగ్గొడ్లు కూడా పెట్టల్లంటే ఇంగో వారం."

"ఎలుగ్గొడ్లూ పెట్టు" అని అంజినప్ప రెండో పంట విత్తడానికి ముందుకు వంగాడు.