అవిసె నూనె ఊపిరి

అన్నయ్య పోయిన మూడో వారంలో ఆయన చెక్కపెట్టె వెచ్చబడింది.

ఎండ తగిలి కాదు. పెట్టె ఉన్నది పాలిష్ షాపులో వెనక మూల, ఎండ పుట్టి బుద్ధెరిగాక అడుగుపెట్టని చోటు. తమ్ముడు, చిన్న మేస్త్రి, మూత మీద చెయ్యి ఆనించి చూశాడు. మనిషి అప్పుడే లేచి వెళ్లిన పరుపులా ఉంది. ఎవరైనా దయ్యాల మాటెత్తితే "కుర్చీ పాలిష్ చేయించుకోవాలంటే రమ్మనండి, వాటినైనా వరస తప్పి ముందుకు రానివ్వను" అని పరాచికాలాడే మనిషి, యాభై ఏళ్లవాడు, చెయ్యి వెనక్కి తీసుకోకుండా అలాగే నిలబడిపోయాడు.

షాపు అన్నదమ్ములిద్దరిదీ. కింద షాపు, పైన అన్న కాపురం. ఇప్పుడు పైన వదిన ఒక్కతే ఉంటోంది, మోకాళ్లు సహకరించక మెట్లు దిగడం మానేసి. షాపులో పనంతా అవిసె నూనెతోనే. గుడ్డముక్కను నూనెలో ముంచి, పిడికిట్లో పట్టి, చెక్క గీతల వెంట ఓపిగ్గా రుద్దాలి. సాయంత్రానికి పాతిక ముప్ఫై గుడ్డలు తడిసేవి. పెద్ద మేస్త్రి వాటిని ఒక్కొక్కటే విదిల్చి, మడత లేకుండా పరిచి, పెరట్లో తీగ మీద దూరదూరంగా ఆరేసేవాడు. ఒంట్లో బాగాలేకపోయినా ఆరేసేవాడు. పారేసే గుడ్డలకి ఈ మర్యాదలేమిటన్నయ్యా అంటే, "నూనెకి ఊపిరాడాలిరా" అనేవాడు. అంతకు మించి పెదవి విప్పేవాడు కాదు.

ఆ ఆఖరి సాయంత్రం చిన్న మేస్త్రికి ఒళ్లు మండింది. "ఇది పాలిష్ షాపా, చాకిరేవా? నీ చాదస్తంతో చస్తున్నాను" అని అరిచేశాడు. అన్న చేతిలో ఉన్న గుడ్డ తీగ మీద వేసి, మెట్లెక్కి వెళ్లిపోయాడు. మర్నాడు తమ్ముడు షాపు తలుపు తోసేసరికి, అన్న పాలిష్ చేస్తున్న కుర్చీకి తల ఆనించి ఒరిగిపోయి ఉన్నాడు. పిడికిట్లో గుడ్డ పిడికిట్లోనే ఉంది.

అంటే, ఇద్దరి మధ్యా మిగిలిన ఆఖరి మాట అదన్నమాట. చాకిరేవు.

తర్వాత ఆ తీగ వైపు చూడలేకపోయాడు. గుడ్డలు గాలికి ఊగుతుంటే ఎవరో చేతులూపి పిలుస్తున్నట్టుండేది. అందుకని ఏ రోజు గుడ్డలు ఆ రోజు ఉండచుట్టి, అన్న పెట్టెలో కుక్కేసేవాడు. ఆ పెట్టె వెచ్చబడిన రోజు నుంచీ పొద్దున్నే వచ్చి, మూత మీద చెయ్యి పెట్టి, "అన్నయ్యా, కోపం పోయిందా?" అని అడగడం మొదలైంది. వెచ్చగా ఉంటే పోయినట్టు. చల్లగా ఉంటే ఆ రోజంతా ముద్ద దిగేది కాదు.

ఒకటి కనిపెట్టాడు కూడా. గుడ్డలు ఎక్కువ వేసిన రోజు అన్న బాగా పలుకుతున్నాడు. ఓ ఉదయం ముక్కు ఆనించి వాసన చూస్తే, అచ్చం అన్న చొక్కా వాసన. నూనెకి ఊపిరంటే ఇదా అనుకున్నాడు. ఆ ఊపిరి అన్నదేనని ఖాయం చేసుకున్నాడు. నూనె గుడ్డల్ని అలా కుక్కిపెట్టడం కంటే పెద్ద పొరపాటు పాలిష్ పనివాడు చెయ్యలేడు. కానీ పెట్టెలో అన్న ఉన్నాడనుకునే వాడికి ఎవరు చెప్పగలరు?

ఆ ఆదివారం పుస్తకాల అల్మరాలు పన్నెండింటికి నూనె పట్టించాడు. మధ్యాహ్నానికి నలభై గుడ్డలు. అన్నీ పెట్టెలోకే. అన్నం తిని వచ్చేసరికి మూత మీద చెయ్యి ఆనలేదు. చురుక్కుమంది. చెక్క సందుల్లోంచి సన్నగా, ఘాటుగా వాసన.

"అన్నయ్యా," అన్నాడు, "ఇంత కోపమా?"

"ఎవరితోనయ్యా ఆ మాటలు?"

మెట్ల మీద వదిన. కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టుకీ ఆగుతూ దిగుతోంది. మాడు వాసన పైదాకా వచ్చిందట.

"అన్నయ్య వదినా. పెట్టెలో ఉన్నాడు. నవ్వకు."

వదిన నవ్వలేదు. పెళ్లికి ముందు రంగుల ఫ్యాక్టరీలో నూనెలు పరీక్షించిన మనిషి ఆవిడ. వాసన పీల్చి, "గుడ్డలు ఇందులో కుక్కావా?" అంది. అతను తలూపగానే ముఖం పాలిపోయింది. "మూత తియ్యకు. గోనె తడిపి పట్టుకుని పెరట్లోకి లాగు. ఊఁ, కదులు!"

లాగాడు. పెరట్లో పెట్టాక మాత్రం ఆగలేకపోయాడు. ఒక్కసారి చూడాలి. మూత ఎత్తాడు. గుడ్డల మధ్యలో ఎర్రగా ఓ కన్ను తెరుచుకుంది. మరుక్షణం భగ్గున లేచింది మంట, మీసం కమిలేలా. వదిన నీళ్ల కుండీలోంచి బక్కెట్టు ముంచి కుమ్మరించింది. మళ్లీ ముంచింది. మోకాళ్ల సంగతి ఇద్దరికీ గుర్తు లేదు.

పొగ తగ్గాక నల్లని ముద్ద మిగిలింది. అందులో ఎవరూ లేరు.

"కొబ్బరి నూనె ఏడాదైనా నూనెలాగే ఉంటుంది," అంది వదిన, రొప్పుతూ గోడకానుకుని. "దాని కొవ్వు ఆమ్లాల గొలుసుల్లో తలుపులన్నీ దాదాపు మూసే ఉంటాయి. అవిసె నూనెకి చాలా గొలుసుల్లో మూడేసి తలుపులు తెరిచుంటాయి. గాలిలో ప్రాణవాయువు వచ్చి అక్కడ పట్టుకుంటుంది, గొలుసూ గొలుసూ అల్లుకుని గట్టిపడుతుంది. నువ్వు నిగనిగ అనేది అదే. పట్టుకున్నప్పుడల్లా కాస్త వేడి. పరిస్తే ఆ వేడి పోతుంది. ఉండచుడితే ఎక్కడికి పోతుంది?"

"అన్నయ్య ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదు."

"చెప్పాడుగా, ఊపిరాడాలని. మీ అన్నకి అంతకంటే పొడుగు మాట ఎప్పుడొచ్చింది?"

అతను తడి బూడిద వైపు చూస్తూ, ఇన్ని రోజులూ మింగిన మాట కక్కేశాడు. "చాకిరేవన్నాను వదినా. అదే ఆఖరు."

"తెలుసు. పైకొచ్చి దగ్గొచ్చేదాకా నవ్వాడు. 'చాకిరేవట! రేపు వాడికో సబ్బు కొనిపెడతాను' అన్నాడు."

నిజంగా అన్నాడా, తనకోసం అల్లిందా? అడగబోయాడు. ఆవిడ అప్పటికే కొంగు ముడి విప్పి ఏదో తీసింది. గుడ్డముక్క. ఎండి, తోలులా బిరుసెక్కి, పిడికిలి ఆకారంలో నిలబడిపోయింది. ఆ రోజు అన్న చేతిలోంచి తీసింది. విడిగా కిటికీలో పెడితే నిప్పంటుకోకుండా ఎండిందట, అప్పట్నుంచీ కొంగులోనే ఉంది.

"ఇది తాగాల్సిన ఊపిరంతా తాగేసింది," అంది అతని చేతిలో పెడుతూ. "ఇక వెచ్చబడదు."

ఆవిడ మెట్లెక్కి వెళ్లాక, చిన్న మేస్త్రి షాపులో ఇంకా అక్కడక్కడా పడున్న నూనె గుడ్డలన్నీ ఏరి తీగ మీద దూరదూరంగా ఆరేశాడు. తర్వాత కూర్చుని, ఆ బిరుసు గుడ్డ మడతల్లోకి వేళ్లు దూర్చాడు. ఒక్కో వేలికీ ఒక్కో గాడి. బొటనవేలి గాడి కాస్త వదులైంది, అన్న వేలు లావు. అంతా చల్లగా ఉంది.

"అన్నయ్యా, కోపం పోయిందా?" అన్నాడు అలవాటుగా.

గుడ్డ పలకలేదు. పట్టిన పట్టు మాత్రం వదల్లేదు.