దరువు లేని కీర్తన

ఇబ్రహీంపట్నం చర్చిలో ఆదివారం పూజకు కీబోర్డు వాయించేది మనోజ. సాగర్ రోడ్డులోని ఒక కాలేజీలో లెక్కలు చెబుతుంది. ఏ పాటైనా రెండుసార్లు వింటే చాలు, వేళ్లకు ఎక్కేస్తుందని ఆమెకు పేరు. ఆ పేరు మీద ఆమెకూ నమ్మకమే, ఫాదర్ కిరణ్ కుమార్ వచ్చేదాకా.

చర్చి గురువు కంటి ఆపరేషన్‌కు పోవడంతో కొద్దిరోజులు పూజలు జరిపించడానికి వచ్చారాయన. విదేశంలో చదువుకునేటప్పుడు ఆర్గన్ నేర్చుకున్నారట. ఇక్కడ గొట్టాల ఆర్గన్ ఎక్కడిది? ఆయన ఉన్న ఆఖరి ఆదివారం, సత్ప్రసాదం పంచడం అయ్యాక మనోజ పక్కన వచ్చి కూర్చుని, కీబోర్డులోనే ఆర్గన్ శబ్దం పెట్టి వాయించడం మొదలుపెట్టారు.

మొదట ఒక్కో స్వరమే, నిదానంగా. పాటలా ఉంది, పాటలా లేదు. తర్వాత దాని కింద వేరే స్వరాలు ఒక్కొక్కటే చేరాయి. ఎక్కడా దరువు లేదు. తబలా మీద చేతులు పెట్టుకుని కూర్చున్న సైదులు, ఎక్కడ అందుకోవాలో తెలియక మనోజ వైపు చూశాడు. ఆమెకూ తెలియలేదు. ముందు వరుసలో ఎవరో లేచి నిలబడి, మిగతావాళ్లు లేవకపోవడంతో మళ్లీ కూర్చున్నారు. కీబోర్డు పాడైందేమోనని వెనక గుసగుసలు. మనోజకు చిరాకు వేసింది. ఆపేస్తే బాగుండనుకుంది. తీరా ఆపేశాక, ఏదో సగంలో లాగేసుకున్నట్టయింది.

పూజ ముగిశాక అడిగింది. "గది ఏం పాట ఫాదర్? నోట్స్ ఉంటే ఇయ్యున్రి."

నోట్స్ లేవన్నారాయన. వాయిద్యాలూ దరువూ లేకుండా అందరూ ఒకే గొంతుగా పాడే పాత లాటిన్ కీర్తన ఒకటుందని, దాన్ని పట్టుకుని అప్పటికప్పుడు అల్లుకుంటూ పోయానని చెప్పి, ఆ కీర్తనను మెల్లగా పాడి వినిపించారు. నాలుగు మెట్లు ఎక్కి దిగినట్టుంది, అంతే. మనోజ మళ్లీ వాయించమంది. వాయించారు. అది ఇందాక విన్నది కానే కాదు.

"ఇది వేరే గదా?"

"కీర్తన అదే."

"నాకైతే యాడా వినొస్తలేదు."

నువ్వు పాడుతూ ఉండు, నేను వాయిస్తానన్నారాయన. ఆమె పాడింది. ఆయన వేళ్లు ఎటు పోతే గొంతు అటే జారిపోయింది. మళ్లీ పాడింది, మళ్లీ తప్పింది. ఒక పాట ఇలా చేతికి చిక్కకపోవడం ఆమెకు కొత్త.

"లోపల తాళం లెక్కపెడుతున్నవ్," అన్నారాయన. "లెక్క ఇడిసిపెట్టు. ఊపిరి ఉన్నంత సేపు పాడు."

ఈసారి కళ్లు మూసుకుంది. పైన స్వరాలు పరుగెడుతుంటే, అన్నిటికంటే కింద, ఆయన ఎడమచేతిలో, కీర్తన ఎంతో నిదానంగా కదులుతూ వినిపించింది. ఒక్కో స్వరం ఎంత సాగిందంటే, అది పాటలో ముక్కని ఇందాక తట్టనే లేదు. ఆమె పాడడం ఆపేసింది. కింద ఉందని చెప్పింది. ఆయన తల ఊపారు. చెప్పినంతలోనే అది పైకి పోయిందో, లేకుండానే పోయిందో, మళ్లీ దొరకలేదు.

చర్చి గురువు తిరిగి రావడంతో మర్నాడే ఫాదర్ వెళ్లిపోయారు. ఆ వారమంతా మనోజ కాలేజీ నుంచి రాగానే కీబోర్డు ముందు కూర్చుంది. ఎడమచేయి కీర్తనను పట్టుకుంటే, కుడిచేయి తెలిసిన పాటల్లోకి పారిపోయేది. వస్తున్నది బాగుందో లేదో తనకు తెలియదు, అడగడానికి ఎవరూ లేరు. అయినా ఆదివారం నాడు, ఈసారి దరువు వద్దని సైదులుకు ముందే చెప్పింది.

"మరి నేనేం జెయ్యాలక్కా?"

"ఊకె విను. యాడికి పోతదో నాక్కూడ తెల్వదు."

వాయించింది. కొంతదూరం కీర్తన చేతిలోనే ఉంది. తర్వాత జారిపోయింది. వెతుక్కుంటూ పోయి, తాను అనుకోని స్వరం దగ్గర తేలి, అక్కడే ఆపేసింది. చర్చిలో ఎవరూ కదల్లేదు. అది మెచ్చుకోలో, అర్థం కాకపోవడమో ఆమె పోల్చుకోలేకపోయింది.

బయట బుగ్గమ్మ ఆమె కోసం ఆగి ఉంది. పోయిన ఏడాది భర్త నారయ్యను పోగొట్టుకున్న మనిషి. ఏం పాటో తనకు సమజే కాలేదని, అయినా వింటున్నంత సేపు లేవబుద్ధి కాలేదని చెప్పింది. వచ్చే నెల నారయ్య పేరున పూజ పెట్టించిందట.

"గా నాడు గిదే వాయించు బిడ్డా."

"గిదే రాదు పెద్దమ్మా. మళ్ల వాయిస్తె వేరేగ వస్తది."

"వేరేగ వస్తె రానియ్. నేనేమన్న గుర్తువడ్తనా?"

మనోజ సరేనంది. దేనికి సరేనందో మాత్రం ఆమెకు ఇంకా తెలియలేదు.