కార్డులో ఉందనుకున్నది

"ఫ్రిజ్ మీద పెట్టినానని పదిసార్లు చెప్తాండా. నువ్వే తీసింటావు."

"నేనేల తీస్తానురా? ఫ్రిజ్ మీద కరెంటు బిల్లు, మీ నాయన కళ్లద్దాల డబ్బీ తప్ప ఏమీ ఉండ్లేదు."

"మా, అది నీలం రంగు పుస్తకం. కాగితం మందంగా నున్నగా ఉంటాది. అట్లాంటి కాగితం కంట్లో పడితే నువ్వు ఇడుస్తావా?"

ఈశ్వరి వంటింట్లోకి పోయింది. కొడుకు అన్న మాటతోనే ఆమెకు గుర్తొచ్చింది. పై అలమరలో ఊరగాయ జాడీలు ఒక్కొక్కటే దించింది. అడుగున పరిచినవి అవే. పిన్నులు ఊడదీసి, పేజీలు విప్పి, రెండు అరలకూ సరిపోయేలా ఆమే పరిచింది. చింతకాయ జాడీ కింది పేజీ మీద గుండ్రంగా నూనె మరక.

మారుతి పేజీలను వరసలో పెట్టుకుంటూ, "ఇన్సూరెన్సును బాగానే ఊరబెట్టినావు" అన్నాడు. ఇంకో రోజైతే ఇద్దరూ నవ్వేవాళ్లు.

రెండు రోజుల కిందట ఖాట్మండులో ఈశ్వరి అత్త లక్ష్మీదేవమ్మ సత్రం మెట్ల మీద జారిపడింది. తుంటి ఎముక విరిగింది. యాత్రకు తోడుగా వెళ్లిన కుమారస్వామి, అంటే ఈశ్వరి భర్త, ఆమెను ఆస్పత్రిలో చేర్చాడు. హిందూపురం డిపోలో కండక్టరుగా ఇరవై ఏళ్లు తెలుగూ కన్నడమూ ధాటిగా మాట్లాడిన మనిషి, అక్కడ వచ్చీరాని హిందీతో వరండాలో నిలబడి ఉన్నాడు. బుధవారం లోపల ఆపరేషన్ జరగాలనీ, ఆలస్యమైతే డెబ్బై దాటిన మనిషి మళ్లీ నడవడం కష్టమనీ డాక్టరు చెప్పాడు. ఆపరేషన్ మొదలుపెట్టాలంటే ముందు డబ్బు కట్టాలి, లేకపోతే ఇన్సూరెన్సు వాళ్ల లెటరు చూపించాలి. "ఇన్సూరెన్సు ఉండాది, లెటరు వస్తాది" అని కుమారస్వామి ధైర్యంగా చెప్పేశాడు. ఆ మాట మీదనే ఆస్పత్రి వాళ్లూ ఆగారు, ఈయనా ఆగాడు. ఈరోజు మంగళవారం.

ఉందని ఇంట్లో అందరూ అనుకుంటున్న ఇన్సూరెన్సు మారుతి క్రెడిట్ కార్డుది. నిన్నటి నుంచి ఆ కార్డు వాళ్లకు ఫోన్ చేస్తూనే ఉన్నాడు. పాట వస్తుంది, ఆగమంటుంది, చివరికి ఎవరో ఒక అమ్మాయి పలికి, ఆ కార్డుతో కొన్న విమానం టికెట్టు నంబరు అడుగుతుంది. ఆ నంబరు వీళ్ల దగ్గర లేదు.

మొదట టికెట్లు కార్డుతో కొన్నమాట నిజమే. మారుతి పెనుకొండ దగ్గర కార్ల విడిభాగాల కంపెనీలో పనిచేస్తాడు. అవ్వకూ నాయనకూ బెంగుళూరు నుంచి టికెట్లు తీసి, ధర్మవరం పోయి చూపించాడు. లక్ష్మీదేవమ్మ అక్కడ కూతురు సరస్వతమ్మ ఇంట్లో ఉంటుంది. మగ్గం ఉన్న ఇల్లు. పట్టుదారం చుట్టిన కూలిని ఆమె పదేళ్లుగా ఈ యాత్ర కోసమే దాచుకుంటూ వచ్చింది.

"యాత్రకు ఎవురు దుడ్లు పెడితే పుణ్యం వాళ్లకే పోతాది" అంది ఫోనులో టికెట్లు చూసి. "కాళ్లు నొచ్చేది నాకు, పుణ్యం నీకా? నీ కార్డూ వద్దు, నువ్వూ వద్దు. తీసేయి నాయనా."

నవ్వుతూనే అంది కానీ వినలేదు. తన డబ్బు తీసుకుపోయి ఊళ్లో యాత్రలకు తీసుకుపోయే తిరుపాల్ చేతిలో పెట్టింది, కొడుకు టికెట్టుతో సహా. మారుతి తన టికెట్లు రద్దు చేసుకున్నాడు. "పోనీలే అవ్వా, నా కార్డులో ఇన్సూరెన్సు అయినా ఉండాది, భయం లేకుండా పోయిరా" అన్నాడు. ఆ మాట ఇంటిల్లిపాదికీ నచ్చింది. కార్డంటూ ఒకటి ఇంట్లో ఉంటే, రేషన్ కార్డు మాదిరిగా, అది అందరికీ వర్తిస్తుందనే అనుకున్నారు.

మారుతి నూనె మరకల పేజీలను కవర్లో పెట్టుకున్నాడు. అన్నీ చిన్న ఇంగ్లీషు అక్షరాలు. రెండుసార్లు చదివినా తేలలేదు. "బ్యాంకు వాళ్లే చెప్పాల" అన్నాడు. తల్లీకొడుకులు పెనుకొండ బస్సెక్కారు.

బ్యాంకులో కార్డులు చూసే మేడం వాళ్లను కూర్చోబెట్టి అంతా విన్నది. పేజీల మీద ఊరగాయ వాసనకు ముక్కు చిట్లించలేదు. పెన్ను మొనతో ఒక వాక్యం కింద గీత గీసింది.

"టికెట్టు ఈ కార్డుతోనే కొని ఉండాలి. ఇది మొదటి షరతు."

"కొన్నా మేడం. తర్వాత క్యాన్సిల్ చేసినా. మా అవ్వ..." మారుతి పుణ్యం సంగతి చెప్పబోయి ఆగిపోయాడు. బ్యాంకులో చెప్పే మాటగా తోచలేదు.

"క్యాన్సిల్ చేయకున్నా రాదండీ" అంది ఆమె. పేజీ తిప్పింది. "చూడండి. విమానంలో ప్రమాదం జరిగితేనే ఇస్తారు. దిగిన తర్వాత మెట్ల మీద పడితే ఇందులోకి రాదు. ఆస్పత్రి ఖర్చులు ఈ రకం కార్డుకు లేనే లేవు. పెద్ద కార్డులకు కొన్నింటికి ఉంటాయి, వాటికీ వయసు పరిమితి ఉంటుంది."

"కుటుంబానికి కూడా అని అట్ట మీద రాసినారు కదా?"

"రాశారు. కుటుంబం అంటే ఎవరో ఇక్కడ వెనక ఉంది. భార్య, ఇద్దరు పిల్లలు. మీకు పెళ్లయిందా?"

"ల్యా."

"అయితే మీరొక్కరే."

ఈశ్వరి బల్ల మీదికి వంగింది. "నేను కూడా లేనా మేడం?" అంది.

"మీరు కూడా లేరమ్మా" అంది ఆమె. ఆ మాట తాను అనాల్సి వచ్చినందుకు ఇబ్బంది పడినట్టు పెన్ను మూత పెట్టింది.

బయట వరసలో ఎవరో టోకెన్ నంబరు పిలుస్తున్నారు. ఈశ్వరి ఆ పేజీ వంకే చూస్తూ కూర్చుంది. రెండు రోజులుగా పైకి అనకపోయినా, లోపల అత్తనే తిట్టుకుంటోంది. ఆ మొండితనం లేకుంటే టికెట్టు నంబరు ఉండేది, లెటరు వచ్చేది అని. ఇప్పుడు తిట్టుకోవడానికి ఆ దారి కూడా లేదు.

"అర్జీ రాసిస్తే పైకి పంపుతాను" అంది మేడం. "వారం పది రోజులు పడుతుంది. ఏమంటారో నాకు తెలుసు. మీకూ తెలిసింది."

అయినా మారుతి కాగితం అడిగి తీసుకున్నాడు. నిలబడే, గోడకున్న బల్ల మీద, అక్షరం అక్షరం కుదురుగా రాశాడు. సగంలో ఉండగా కుమారస్వామి ఫోన్ చేశాడు.

"లెటరు వచ్చిందారా?"

"బ్యాంకులోనే ఉండాం నాయనా."

"ఆ డాక్టరు గంటకోసారి వచ్చి నా మొగం చూసి పోతాండాడు. మీ అవ్వకు నొప్పికి సూది ఏస్తాండారు, అంతే. నిన్నటి నుంచి ఏమీ తినల్యా. బెడ్డు మీద అన్నీ జరగల్లంటే సిగ్గని నీళ్లు గూడా తాగల్యా." గొంతు తగ్గించాడు. "ఈడ నాకు ఏమీ తెలీడం ల్యా, మారుతీ. బేగి చూడు."

మారుతి ఫోన్ జేబులో పెట్టుకుని అర్జీ పూర్తి చేశాడు. తప్పు పోయిన చోట కొట్టేయకుండా కొత్త కాగితం అడిగి మళ్లీ మొదటి నుంచి రాశాడు. ఈశ్వరి అడ్డు చెప్పలేదు. చేయడానికి ఆ పిల్లవాడికి అదొక్కటే మిగిలింది.

అక్కడి నుంచి ధర్మవరం పోయారు. తిరుపాల్ ఏదైనా దారి చూపిస్తాడేమోనని మారుతి దారంతా అంటూనే ఉన్నాడు. ఈశ్వరికి తిరుపాల్ ఆఫీసుకు పోవడం ఇష్టం లేదు. ఎందుకో కొడుకుకు చెప్పలేక, పదిసార్లు కిటికీ తెరిచి మూసింది.

తిరుపాల్ ఫోన్ల దుకాణం పక్కన చిన్న గదిలో ఉంటాడు. వీళ్లను చూడగానే లేచి కుర్చీలు లాగాడు.

"పెద్దమ్మకు యట్ల ఉండాదబ్బా? మా వాళ్లను ఆస్పత్రికి పంపించినా. రేపటి విమానానికి తక్కినోళ్లందరూ తిరిగి రావాల, ఆపలేను."

"అన్నా, పాలసీ ఏదన్నా ఇప్పుడు కట్టొచ్చా?"

తిరుపాల్ మొహం చూస్తే, ఆ ప్రశ్న అడిగినందుకు మారుతికే సిగ్గేసింది.

"పడినాక ఎవురిస్తారప్పా?" అని, అల్మరాలోంచి ఒక ఫైలు తీశాడు. "ఎనిమిది మంది పోయినారు. ఆరుమంది కట్టినారు. బ్లౌజు కుట్టుకూలంత గూడా కాదు ఒక్కొక్కరికి. మీ వాళ్లిద్దరివే..."

ఫారం బల్ల మీద పెట్టాడు. ప్రయాణపు బీమా కావాలా, వద్దా. వద్దు అన్న చోట టిక్కు. కింద, యాత్రికుల తరఫున అన్న గీత మీద, తెలుగులో ఈశ్వరి సంతకం.

"అక్కా, పెద్దమ్మతో నువ్వొచ్చిన పొద్దు నేను రెండుసార్లు అడిగితిని" అన్నాడు తిరుపాల్ నెమ్మదిగా. నిష్ఠూరం లేదు. తన మీదికి రాకూడదన్న భయం మాత్రం ఉంది.

మారుతి సంతకం చూశాడు. తల్లి వంక చూశాడు. "నాకు చెప్పలేదే మా."

"కార్డులో ఉండాదని నువ్వే అంటివి కద నాయనా."

అన్న మరుక్షణం ఈశ్వరికి నాలుక కరుచుకోవాలనిపించింది. అది నిజం. అందుకే అనకుండా ఉండాల్సింది. మారుతి ఫారాన్ని తిరుపాల్ వైపు జరిపాడు. తిరుపాల్ తెప్పించిన టీ రెండు గ్లాసుల్లోనూ మీగడ కట్టింది.

సరస్వతమ్మ ఇంటికి చేరేసరికి మగ్గం ఆగి ఉంది. ఆమె మొగుడు కొండప్ప గుంటలో కాళ్లు పెట్టుకుని ఊరికే కూర్చుని ఉన్నాడు.

"రాప్పా కార్డు సామీ, రా" అంది సరస్వతమ్మ మేనల్లుణ్ని చూడగానే. "ఉగాదికి అందరికీ తిప్పి తిప్పి చూపిస్తివి కదా దాన్ని. మీ అవ్వ కండ్లకు అద్దుకునె. ఏమాయె?"

"అత్తా, అది నాకొక్కనికే అంట."

"నీకొక్కనికే అయితే ఇంటి మందికంతా యాల చెప్తివిరా?"

"నాకూ తెలీదత్తా."

"తెలీకుంటే మూసుకోనుండల్ల."

"ఊరుకో సరసూ" అన్నాడు కొండప్ప. "వాడేమన్నా కావాలని చేసినాడా?"

సరస్వతమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఆంబులెన్సులో గోరఖ్‌పూర్ దాకా దించితే? ఆడ రైలెక్కిస్తే? ఈడికొస్తే ఆరోగ్యశ్రీలో ఫ్రీగా చేస్తారు."

"విరిగిన తుంటితో మూడు దినాలా?" అన్నాడు కొండప్ప. "కదిలిస్తే నడక సంగతి మరిచిపొమ్మన్యాడంట డాక్టరు. మీ తమ్ముడు పొద్దున్నే చెప్పె."

"అయితే ఆ తిరుపాల్‌ను పట్టుకుందాం. ఇన్సూరెన్సు లేకుండా ముసలిదాన్ని యట్ల తీసుకపోయె వాడు? వాని ఆఫీసు ముందర కూసుంటా నేను."

అప్పుడే ఫోన్ మోగింది. వీడియోలో ముందు కుమారస్వామి గడ్డం, తర్వాత పైకప్పు, తర్వాత లక్ష్మీదేవమ్మ మొహం కనబడ్డాయి. రెండు రోజుల్లోనే బుగ్గలు లోపలికి పోయాయి. సరస్వతమ్మ ఫోనును మగ్గం పలక మీద నిలబెట్టింది.

"ఈశ్వరీ ఉండాదా?" అంది ముసలామె. "నా మొండితనమే కదమ్మా ఇదంతా. ఆ పొద్దు మారుతి టికెట్టు ఉంచుకోనింటే, పాడు, ఈ పుణ్యం యాడ పోతాండె? మీ అందరినీ ఇట్ల తిప్పలు పెడ్తాండా."

"కాదవ్వా" అన్నాడు మారుతి. "ఆ టికెట్టు ఉంచుకున్నా వచ్చేది ల్యా. పొద్దున బ్యాంకులో అడిగితిమి."

"నన్ను సముదాయించొద్దురా."

"నిజంగానే అవ్వా."

"నువ్వు మంచోనివి, అట్లనే చెప్తావు" అంది. కళ్లు మూసుకుంది. మారుతి ఇంకో రెండుసార్లు చెప్పాడు. ఆమె ఊ కొట్టింది కానీ నమ్మలేదని అందరికీ అర్థమైంది. నిజం చెప్పినా ఓదార్పులాగే వినిపిస్తోంది. దాన్ని మార్చే ఉపాయం ఎవరి దగ్గరా లేదు.

కుమారస్వామి మళ్లీ ఫోన్ అందుకున్నాడు. "లెటరు గురించి ఏమనిరి? రేపు పొద్దున్నే చేయకుంటే థియేటరు ఇంకొకరికి ఇచ్చేస్తారంట."

సరస్వతమ్మ, "ఆ తిరుపాల్‌దే తప్పు, వాడు చెప్పల్యా..." అని మళ్లీ మొదలుపెట్టింది.

"వాడు చెప్పినాడు వదినా" అంది ఈశ్వరి. గుమ్మం దగ్గర కూర్చున్నది లేచి ఫోన్ ముందుకు వచ్చింది. "రెండుసార్లు అడిగినాడు. నేనే వద్దంటి. సంతకం నాదే. మారుతిని గానీ అత్తను గానీ ఎవురూ ఏమీ అనొద్దండి."

సరస్వతమ్మ పోయి ఆ గుమ్మంలో కూర్చుండిపోయింది. ఫోనులో వెనకెక్కడో ఆస్పత్రి గంట మోగి ఆగింది.

"మేడ మీద రూము కట్టించేకని బ్యాంకులో పెట్టుకున్న డిపాజిట్టు సంగతి నేనూ మీ తమ్ముడూ రెండు దినాలుగా ఎత్తల్యా" అంది ఈశ్వరి. "లెటరు వస్తాది, దాన్ని ముట్టుకునే పని ల్యాలే అనుకుంటా ఉంటిమి."

"ఆ దుడ్లు నాకొద్దు ఈశ్వరీ" అని మంచం మీంచి సన్నగా గొంతు వినబడింది. "నా యాత్రకు మీ ఇల్లు..."

"యాత్ర మొన్ననే అయిపోయెనత్తా. ఇది ఆస్పత్రి."

ముసలామె ఏడుస్తోందో, మందు మత్తులో పడిందో ఫోనులో తెలియలేదు. ఆపరేషన్ తర్వాత ఆమె నడుస్తుందో లేదో కూడా ఎవరికీ తెలియదు. డాక్టరు కూడా మాటివ్వలేదు.

ఈశ్వరి కొడుకు వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. మగ్గం గుంటలో కొండప్పకు, గుమ్మంలో సరస్వతమ్మకు, అంత దూరాన మంచం పక్కన నిలబడిన భర్తకు ఒకేసారి వినబడేలా చెప్పింది.

"లెటరు రాదు. ఇంక ఆ కార్డు వాళ్లకు ఎవురూ ఫోన్ చేయొద్దండి. మారుతీ, డిపాజిట్టు ఫోనులోనే తీసి మీ నాయనకు ఇప్పుడే పంపు. ఇదో మారుతి నాయనా, వింటాండావా, నువ్వు పోయి సంతకం పెట్టు. ఆపరేషన్ ఆడనే, రేపు పొద్దున."