కొడుకు కాళ్ల దగ్గర చోటు

మొగులమ్మతో వాదించి గెలిచిన మనిషి ఆ బస్తీలో లేడు. పాస్టరు అయ్యగారు కూడా ఆమెతో మాట్లాడేముందు ఒక గ్లాసు మంచినీళ్లు తాగి కూర్చునేవాడు. అలాంటి అత్తతో ఏళ్లకేళ్లు ఒకే పొయ్యి దగ్గర నెగ్గుకొచ్చిన కోడలు జయశీల. ఇప్పటికీ ఈస్టరు ముందు శనివారం సున్నం బకెట్టు పట్టుకుని సమాధుల తోటకు బయల్దేరితే, ఆమెకు మొట్టమొదట గుర్తొచ్చేది ఆ అత్త నోరే.

తొంభైల మొదట్లో మాట. బొంబాయి రోడ్డు అప్పటికింకా ఇంత వెడల్పు కాలేదు. పొద్దున సైరన్ మోగిందంటే పటాన్‌చెరు దారంతా సైకిళ్లే. జయశీల పెనిమిటి కృపానందం డ్రమ్ములు చేసే కంపెనీలో వెల్డింగు పని చేసేవాడు. చేతిలో పనితనం ఉంది గానీ, పాపం, దిక్కులు తెలియని మనిషి. పెళ్లిచూపులకని హత్నూరకు బయల్దేరి గుమ్మడిదలలో దిగి, ఎవరింట్లోనో కూర్చుని చాయ తాగి, "పిల్లను జెర పిలుస్తరా?" అని అడిగిన ఘనుడు! ఆ సంగతి తలుచుకుంటే జయశీలకు ఇప్పటికీ నవ్వు ఆగదు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంటుంది.

ఆ కంపెనీ గేటుకు తాళం పడింది. ఇవాళ తీస్తారు, రేపు తీస్తారు అంటూ నెలలు గడిచాయి. కృపానందం లారీల దగ్గర బస్తాలు మోశాడు. కామెర్లు వచ్చినా లెక్కచేయక మోశాడు. ముసురు పట్టిన వానాకాలంలో, చంటిపిల్ల సుకుమారిని జయశీల ఒళ్లో వదిలేసి కన్నుమూశాడు.

ఆ రోజు నక్కవాగు పొంగి రోడ్డెక్కింది. మెదక్ వెళ్లిన అయ్యగారు అక్కడే చిక్కుకుపోయాడు. సమాధుల తోటలో నీళ్లు నిలిచాయి. చర్చి సంఘం వాళ్లలో రాగలిగింది కొద్దిమందే. కృపానందంతో పాటు పనిచేసిన యాదన్న నలుగురిని వెంటబెట్టుకొచ్చి, తోట చివర ఎవరి సమాధీ లేని మిట్ట మీద గొయ్యి తవ్వాడు. యాదన్న క్రైస్తవుడు కాడు, ఏటా ఏడుపాయల అమ్మవారి జాతరకు పోయే మనిషి. స్నేహితుణ్ణి తన చేతుల మీదుగానే మట్టిలోకి దించాడు. ఆ కుండపోతలో ఏది తూర్పో, ఏది పడమరో చూసే ధ్యాస ఎవరికీ లేకపోయింది.

తర్వాత జయశీల కలుపు కూలికి పోయింది, మొగులమ్మ చంటిదాన్ని చూసుకుంది. చుట్టాలు ఒక్కొక్కరే మొహం చాటేశారు. అత్తాకోడళ్లను నిలబెట్టింది ఒక్కటే నమ్మకం. ప్రభువు వచ్చే రోజున కడబూర మోగుతుంది, కృపానందం లేస్తాడు, మళ్లీ చూస్తాం. ఆ మాట పట్టుకునే పొద్దున పొయ్యి ముట్టించేవాళ్లు, ఆ మాట మీదే రాత్రి కన్ను మూసేవాళ్లు.

ఈస్టరు వచ్చింది. ముందురోజు తోటంతా సందడి. సమాధులకు సున్నాలు, బంతిపూలు, పిల్లల అల్లరి. యాదన్న పాత పైపు ముక్కలతో ఒక ఇనుప సిలువ అతికించి, రంగు కూడా వేసి, సైకిలు వెనక కట్టుకుని తెచ్చాడు. తెచ్చి, వానలకు కరిగి పొడవూ వెడల్పూ తెలియకుండా పోయిన మట్టిదిబ్బకు ఒక పక్కన పాతబోయాడు.

"గదేంది బిడ్డా, గా పక్కకు పెడ్తున్నవ్?" అంది మొగులమ్మ.

"సిలువ తలకాయ దిక్కే గదా అవ్వా పెట్టేది? తలకాయ గిటే ఉంది. దక్షిణం దిక్కు పెట్టి నేనే పండబెట్టిన."

మొగులమ్మ అక్కడే మట్టిలో కూలబడింది.

క్రైస్తవులను పడమర తల, తూర్పు కాళ్లు పెట్టి పడుకోబెడతారు. లేచి కూర్చోగానే ఎదురుగా తూర్పు కనబడాలి, ప్రభువు వచ్చేది ఆ దిక్కునుంచే అని పెద్దల మాట. యాదన్న తన ఇంటి ఆచారం ప్రకారం, ప్రేమతోనే, దక్షిణం తల పెట్టాడు.

"అయ్యో నా కొడుకా! అందరు తూర్పు మొఖాన లేస్తరు. నువ్వొక్కనివి ఉత్తరం జూసుకుంట కూసుంటవా!"

అయ్యగారు పరుగున వచ్చాడు. "దేవునికి దిక్కులు లేవమ్మా" అన్నాడు.

"దేవునికి లేవయ్యా, నా కొడుక్కున్నయ్! సీదా తొవ్వల నిలబెడితెనే తప్పిపోయేటోడు!"

జయశీలకు నవ్వు రావలసింది. రాలేదు. తను పదో తరగతి చదివింది, ఇదంతా వెర్రితనమని తెలుసు. అయినా గుండెలో రాయి పడింది. గుమ్మడిదలలో దిగినవాడు ఆ రోజున ఎటు పోతాడో! అంత జనంలో తను ఎక్కడని వెతుకుతుంది? ఉన్న ఒక్క ఆశా చేజారినట్టయింది ఆమెకు. అలాగని గొయ్యి తవ్వి తీయడమా?

యాదన్న మొహం మాడిపోయింది. "తప్పయింది చెల్లె. నాకు ఎరుక లేకపాయె" అని జయశీలకు చేతులు జోడించి, మొగులమ్మ వైపు తిరిగాడు. "అవ్వా, పరేషాన్ గాకు. నేనే తవ్వి, నేనే సక్కగ పండబెడ్త." ఎవరి దగ్గరో గడ్డపార అందుకుని దిబ్బలో ఒక్క పోటు పొడిచాడు.

"ఆగు!" మొగులమ్మ కేకకు తోటంతా ఇటు తిరిగింది. లేచి వెళ్లి గడ్డపార పట్టుకుంది. "పండుకున్నోన్ని లేపకు బిడ్డా. వాణ్ణి లేపేటాయన వేరే ఉన్నడు."

"మరి దిక్కు, అవ్వా?"

ముసలామె దిబ్బ చుట్టూ ఒకసారి తిరిగింది. కొడుకు కాళ్ల వైపు, ఉత్తరాన, ఖాళీగా ఉన్న నేల మీద నిలబడి కాలితో తట్టింది.

"నేను సచ్చినంక నన్ను గీడ పెట్టుండ్రి. నన్ను మాత్రం తూర్పు మొఖానే పెట్టాలె. వాడు లేచి కండ్లు నులుముకుంటడు, ఎదురుంగ అవ్వ ఉంటది. కొడుకా, అటు గాదు, గిటు జూడు, ప్రభువు గీ దిక్కుకెల్లి వస్తుండని సూపిస్త. అయిపాయె! గింతదానికి తవ్వుడెందుకు?"

యాదన్న చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. జయశీల కళ్లు తుడుచుకుని, "మరి నేనెక్కడ అత్తమ్మా?" అంది.

"నీకేం తొందరే? నువ్వు బతుకాలె. గీ పోరిని సాదాలె" అని కసిరి, పక్కన మట్టిలో పాకుతున్న సుకుమారిని ఎత్తి ఆమె చంకలోకి తోసింది మొగులమ్మ. పెనిమిటి పోయాక జయశీల మొదటిసారి నవ్వింది ఆ రోజే.

ఆ తర్వాత చాలా కాలమే గడిచింది. కంపెనీ తెరుచుకోలేదు, ఆ షెడ్డులో ఇంకేదో గోదాము వెలిసింది. సైకిళ్లు పోయి మోటారుసైకిళ్లు వచ్చాయి. సుకుమారి పదో తరగతి పాసైన ఏడాది, ఎండాకాలంలో మొగులమ్మ పోయింది. చివరి రోజుదాకా నోరు మాత్రం తగ్గలేదు.

యాదన్న జుట్టు అప్పటికి తెల్లబడింది. అయినా గడ్డపార ఇంకొకరికి ఇవ్వలేదు. పొద్దున్నే వచ్చి, సూర్యుడు పొడిచిన చోటును చూసి గుర్తు పెట్టుకుని, కృపానందం కాళ్ల దగ్గర గొయ్యి తవ్వాడు. దించేముందు, "చెల్లె, ఒకపారి నువ్వు గూడ సూడు. సక్కగున్నదా?" అని అడిగాడు.

చక్కగానే ఉంది. అయ్యగారు ప్రార్థన ముగించాడు. పెట్టె మూయబోతుంటే జయశీల వంగి, అత్త చెంప మీద చెయ్యి వేసింది.

"అత్తమ్మా, ఆయన లేవంగనే ముందుగాల తూర్పు సూపియ్యి. అటెన్క నన్ను సూపియ్యి."