మనిషికొక గుడ్డు

ఓదెలు ఉడికిన గుడ్లకు గాట్లు పెట్టి ఒక్కొక్కటే పులుసులోకి జారవిడుస్తున్నాడు. గోళ్ల సందుల్లో పసుపు ఏనాడో స్థిరపడిపోయింది. సగం వయసు మరమగ్గాల మోతలో గడిచింది. చెవులు మందగించి, మామూలు మాట కూడా మిల్లు గేటు ముందు మీటింగులో మాట్లాడినట్టే పలుకుతాడు. మిల్లు మూతపడింది, యూనియన్ చెదిరిపోయింది. మనుషుల మీద నమ్మకం మాత్రం అతని వెంటే మైత్రీవనం వెనక సందులోని ఈ మెస్సు దాకా నడిచి వచ్చింది.

మెస్సు యజమానురాలు లీలాకుమారి పంజాగుట్ట చర్చికి బయల్దేరుతూ గుమ్మంలో ఆగింది. ఆదివారం గుడ్ల పులుసు ఎప్పుడూ ఆమే వడ్డిస్తుంది. ఈ రోజు ఆరాధన తర్వాత పెద్ద కూటం ఉంది.

"మనిషికి ఒక్కటే, ఓదెలన్నా. గరిటె నీ చేతిలోనే ఉండాలి."

"గిన్నె వాళ్ల ముందటనే పెడ్త, లీలమ్మా. మనిషి పుట్టుకతోని మంచోడే. కరువే ఖరాబు చేస్తది."

"ఏదెను తోటలో ఏం కరువొచ్చిందని? అన్నీ ఉండి కూడా ఆ ఒక్క పండే కావాల్సొచ్చింది ఆదాముకి."

"గా తోటల యూనియన్ లేకపాయె!"

ఆమె నవ్వు ఆపుకుంటూ ఆటో ఎక్కింది.

మధ్యాహ్నం కోచింగ్ పిల్లలు వచ్చారు. ఓదెలు గిన్నెను బల్ల మీద పెట్టి, "తలకొకటి. ఎనుక వచ్చేటోళ్లు సుత మనోళ్లే," అని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వచ్చినవాళ్లు ఒక్కొక్కటే తీసుకున్నారు. మహిపాల్ అనే కుర్రాడు మాత్రం రెండోదాన్ని అన్నం కింద దాచాడు. ఓదెలు చూసి, చూపు మరల్చుకున్నాడు.

అందరికంటే ఆలస్యంగా దివ్యశ్రీ వచ్చేసరికి గిన్నెలో పులుసే మిగిలింది. ఓదెలు చప్పున లోపలికి కదలబోయాడు. అంతలో పక్కనున్న అనుపమ తన గుడ్డును చెంచాతో సగం చేసి దివ్యశ్రీ పళ్లెంలో వేసింది. మహిపాల్ తల ఇంకా కిందికి వంచుకున్నాడు.

కూటంలోనే భోంచేసి వచ్చిన లీలాకుమారికి ఓదెలు జరిగింది జరిగినట్టు చెప్పాడు.

"నేను చెప్పలేదా?"

"సగం వచ్చింది గద! నువ్వు వడ్డిస్తే గా సగం ఎవరన్న ఇచ్చేటోళ్లా?"

"నేను వడ్డించుంటే ఆ పిల్లకి సగం కాదు, మొత్తం దక్కేది."

ఓదెలు పగలబడి నవ్వాడు. "మళ్ల ఆదివారం సుత ముందటనే పెడ్త. సూద్దువు," అంటూ, గెలిచినవాడి నిబ్బరంతో బియ్యం బస్తాల పక్కన చాప పరుచుకున్నాడు.

సాయంత్రం చాయ్ పెట్టి పిలిస్తే పలకలేదు. చెవుడు కదా అని ఆమె దగ్గరికి వెళ్లి భుజం తట్టింది. ఒళ్లు చల్లబడి ఉంది.

కృష్ణానగర్ నుంచి ఓదెలు తమ్ముడి కొడుకు నరేశ్ వచ్చి శవాన్ని తీసుకెళ్లాడు. పిల్లలు సందు చివరిదాకా వెంట నడిచారు.

ఖాళీ అయిన వంటింట్లో లీలాకుమారి గిన్నెలు సర్దుతూ పై అరలోకి చెయ్యి పెట్టింది. ఎవరి కంటా పడని మూలన ఆమె రోజూ తినే పళ్లెం ఉంది. దాని మీద మూత, మూత కదలకుండా పైన పచ్చడిబండ. లోపల చల్లారిన అన్నం, దాని పక్కన అట్టకట్టిన పులుసులో చెక్కుచెదరని గుడ్డు ఒకటి.