మూత మీది చెయ్యి

దర్జీకి పెళ్ళాం అంటే ఎంత ఇష్టమో ఆవిడకి తప్ప అందరికీ తెలుసు. ఆవిడ స్కూలు బస్సు నడుపుతుంది. నేల మీద ఉన్నంతసేపూ మొగుడికన్నా నాలుగడుగులు ముందే నడుస్తుంది, వెనక్కి తిరిగి చూడదు. సరస్సులో మాత్రం కథ వేరు. నీళ్ళ మీద మోటారుసైకిల్లా పోయే పాత జెట్‌స్కీ ఒకటి కొన్నాక, ఆదివారాలు మొగుడి వెనకాల కూర్చుని రెండు చేతులతో అతని నడుము వాటేసుకునేది. ఆ కాసేపటి కోసమే అతను వారమంతా మిషను తొక్కేవాడు.

ఆ సుఖానికి ఒక కొక్కెం అడ్డుపడింది. సీటు వెనకాల సామాను పెట్టుకునే అర ఉంది. దాని మూతకున్న కొక్కెం అరిగిపోయి, బండి కాస్త ఎగిరితే చాలు మూత నోరు తెరిచేది. ఒక ఆదివారం ఆవిడ కొత్త చెప్పుల్లో ఒకటి నీళ్ళ పాలైంది. అప్పట్నుంచి ఆవిడ ఒక చెయ్యి మొగుడి మీద, ఒక చెయ్యి మూత మీద వేసి కూర్చుంటోంది. దర్జీకి సగం ఆస్తి పోయినట్టయింది.

పాత మోడలు కదా, కొక్కెం విడిగా దొరకదు, మూత మొత్తం మార్చుకోవాల్సిందేనన్నారు దుకాణంలో. అయితే తనే బాగుచేస్తానన్నాడు దర్జీ. ఆవిడ వంటింటి కుళాయి వైపు చూసింది. పోయినేడు దాన్ని బాగుచేసిన మహానుభావుడు ఇతనే. ఇప్పటికీ దాని కింద గిన్నె ఉంటుంది.

అరిగి పల్చబడ్డ బట్టకి దర్జీ ఏం చేస్తాడు? లోపల ఇంకో గుడ్డ వేసి మందం పెంచుతాడు. ఇతనూ అదే చేశాడు. మూత చుట్టూ ఉన్న రబ్బరు మీద ఇంకో వరస రబ్బరు అతికించి, మూత మూసి, దానిమీద కూర్చుని నొక్కాడు. కొక్కెం పట్టింది. లేచాడో లేదో మూత టప్పున తెరుచుకుని వెనకనుంచి ఒక్కటిచ్చింది. గుమ్మంలోంచి చూస్తున్న ఆవిడ నవ్వాపుకోలేక లోపలికి పోయింది.

దెబ్బ తగిలినచోట రుద్దుకుంటుంటే బుర్ర వెలిగింది. పొట్ట పెరిగిన మనిషి ప్యాంటు హుక్కు నిలవడంలేదని వస్తే తనేం చేస్తాడు? హుక్కు సరిచేసి, అది తగులుకునే పట్టీ జరుపుతాడు. ఇక్కడ మాత్రం పొట్టనే పెంచాడు. తనని తాను తిట్టుకుంటూ రబ్బరంతా పీకేశాడు. కొక్కెం ఊడదీసి చూస్తే దాని కొస గుండ్రంగా అరిగి జారుడుబల్లలా ఉంది. ఆకురాయితో నెమ్మదిగా రాకి అంచు తీసుకొచ్చాడు. రాకినమేర కొక్కెం పొట్టిదైంది కనక, అది తగులుకునే పట్టీ విప్పి, కింద పల్చటి వాషరు వేసి దగ్గరకు తెచ్చి బిగించాడు. ఈసారి మూత టక్కుమని పడింది. గుంజినా కదల్లేదు. మీట నొక్కితే బుద్ధిగా తెరుచుకుంది.

ఆదివారం ఆవిడ ఇంట్లో మిగిలిపోయిన ఒంటి చెప్పు పట్టుకొచ్చి అరలో పెట్టింది. ఎందుకన్నాడు దర్జీ.

"పరీక్షకండీ. పోయినా జత దగ్గరికే పోతుందిగా."

బండి బయల్దేరింది. ఒక చెయ్యి నడుము మీద, ఒకటి మూత మీద. దర్జీ ఉసూరుమన్నాడు. సరస్సు మధ్యకి వచ్చాక పెద్ద పడవ ఒకటి పక్కనుంచి పోయింది. దాని అలల మీద బండి ఎగిరెగిరి పడింది. మూత కిక్కురుమనలేదు.

"చెయ్యి తీసి చూడు," అన్నాడతను తల తిప్పకుండా. "పోతే ఒంటి చెప్పేగా."

కాసేపటికి ఆ రెండో చెయ్యి కూడా మెల్లగా ముందుకొచ్చింది. అతని లైఫ్ జాకెట్టు మీద రెండు చేతుల వేళ్ళూ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాయి. సంతోషంతో దర్జీకి ఏడుపొచ్చినంత పనైంది.

"ఇంటికెళ్ళాక ఆ కుళాయి కూడా మీరే చూడండి," అంది ఆవిడ చెవిలో.

దర్జీ బండిని ఒడ్డుకి మళ్ళించకుండా ఇంకో చుట్టు తిప్పాడు.