మైల వదిలించిన కాగితాలు

తిరుపతయ్య పటేలుకు కాఫీ పిచ్చి తుంగభద్ర అవతల అంటుకుంది. వేరుశనగ అమ్మడానికి కర్నూలు పోయి, అక్కడి హోటల్లో ఒక గ్లాసు తాగి వచ్చాడు. ఇక మానవపాడులో ఆయనది కాఫీ తాగే ఇల్లయి కూర్చుంది. పేచీ అంతా వడగట్టే గుడ్డ దగ్గరే. అది ఎవరి పంచె పీలికో, ఎక్కడెక్కడ పొర్లిందోనని ఆయనకు ఒళ్లు జలదరించేది. ఈ చాదస్తం విని ఊరి దవాఖాన డాక్టరు నవ్వి, మందునీళ్లు వడగట్టే తెల్లకాగితాలు ఒక కట్ట పంపిస్తానన్నాడు. పటేలు పొంగిపోయాడు.

ఆ కట్ట ఎస్తేరమ్మ చేత వచ్చింది. ఆమె దవాఖానలో సీసాలు కడుగుతుంది. మొగుడు పోయాడు, ఇద్దరు పిల్లలకు ఆ పనే ఆధారం. ఆమె కట్టను అరుగు మీద పెట్టి పోగానే, పటేలు భార్య బాలనాగమ్మ మొగుడి వంక చూసింది.

"ఆమె ముట్టినయి గద, ఎట్ల మరి?"

"పసుపునీళ్లు చల్లి ఆరవెట్టు. మైల పోతది" అన్నాడు పటేలు, పీఠాధిపతి తీర్పు చెప్పినంత ధీమాగా.

ఆమె అలాగే చల్లి, చేటలో పరిచి ఆరబెట్టింది.

మర్నాడు అమరచింత నుంచి బావమరిది ఈరన్న వచ్చాడు. పటేలు తానే దగ్గరుండి కాగితంలో కాఫీ వడగట్టించి, గుడ్డలతో వడగట్టుకునే వాళ్లను ఆడిపోసుకుంటూ ఇద్దరికీ పోయించాడు. గ్లాసులు కింద పెట్టారో లేదో, ఈరన్న వాకిట్లో కూలబడి కక్కుకున్నాడు. పటేలూ ఆ పక్కనే కక్కాడు. ఆ కోపంలో నోరు కూడా కడుక్కోకుండా దవాఖానకు పోయాడు. మందుల కోసం వచ్చిన జనంతో అరుగు నిండి ఉంది.

"కాగితాలకు ఏం పూసినవే? మమ్ముల సంపుదామనుకున్నవా?"

"నేను కట్ట సుత విప్పలే దొరా" అంటోంది ఎస్తేరమ్మ. వినేదెవరు? డాక్టరు పటేలును చల్లబరచాలనుకున్నాడే గాని, ఒక్క కాగితమైనా తెప్పించి చూడలేదు. రేపటి నుంచి పనికి రావద్దని ఆమెకు చెప్పేశాడు.

విత్తే రోజులొచ్చాయి. జొన్నకు కాటుక తెగులు పట్టకుండా విత్తనాలను నీలం రంగు మైలుతుత్తం నీళ్లలో ముంచి చేటలో ఆరబెడతారు. మనిషి కడుపులో పడితే అది విషమే. ఆ పనికని చేట దించిన బాలనాగమ్మ, దాని అడుగున పోయినేటి నీలం చూసి కొయ్యబారిపోయింది. మిగిలిన కాగితాలు తెచ్చి వెలుతురులో పట్టింది. అంచులు పచ్చగా, నీలంగా కలిసిపోయి ఉన్నాయి.

"గీ చేటలనే ఆరవెట్టిన. అదంత పసుపే అనుకున్ననయ్యా" అంది మొగుడితో.

మైల పోగొట్టబోయి మైలుతుత్తం అంటించుకున్నారు మహానుభావులు! తిరుపతయ్యకు తల కొట్టేసినట్టయింది. అన్నం ముందు కూర్చున్నాడు. ఎస్తేరమ్మ పిల్లలు ఏం తింటున్నారోనన్న ఆలోచన ఆయనకు అప్పుడు వచ్చింది, అంతవరకు రానందుకు ఇంకా సిగ్గేసింది.

జనమంతా చేలకు పోయిన వేళ చూసుకుని ఊరి చివర ఆమె ఉండే గేరికి పోయాడు. గుమ్మం బయటే నిలబడి, జరిగింది గబగబా చెప్పి, "తప్పు మాదే ఎస్తేరమ్మా" అన్నాడు. బరువు దిగిపోయిందనుకున్నాడు.

ఆమె గుమ్మం దాటి బయటికొచ్చింది.

"నన్ను తిట్టిననాడు ఊరంత ఉండె గద దొరా. గిప్పుడు ఎవ్వరు లేనప్పుడు చెప్తివి. నాకు పనెవరిస్తరు?"

పటేలు తల దించుకుని దవాఖాన దారి పట్టాడు. ఆమె వెనకే వచ్చి మెట్ల కింద ఆగింది. అరుగు మీద ఎప్పటిలాగే జనం, లోపల డాక్టరు.

"ఎస్తేరమ్మ తప్పేం లేదు. కాగితాలు మా ఇంట్లనే చెడినయి. విత్తనాల చేటల ఆరవెట్టినం, మైలుతుత్తం అంటింది" అన్నాడు ఒక్క గుక్కలో.

డాక్టరు బయటికొచ్చి తెల్లమొహం వేశాడు. మూలన కూర్చున్న మల్లయ్య తాత మాత్రం అమాయకంగా అడిగాడు.

"కట్టల ఉన్నయి పొడి కాగితాలే గద పటేలా? మల్ల ఆరవెట్టుడెందుకు?"

జవాబు కోసం అందరూ ఆయన వంకే చూశారు. ఎస్తేరమ్మ కూడా చూసింది. జవాబు ఆమెకు తెలుసు.

"ఆమె ముట్టిందని" అన్నాడు తిరుపతయ్య.